జవాబు కోసం ఆగిన సారు

ఆదిలాబాద్ దగ్గరి ఒక పల్లె బడిలో లెక్కలు చెప్పే ఆ సారును నేను చూసింది ఒక్కసారే. పిల్లలను ప్రశ్న అడిగాక సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకొని, జవాబు వచ్చేదాకా అలాగే నిలబడటం ఆయన పద్ధతి.

తొంభైల తొలినాళ్లలో నగరం నుంచి ఒక ప్రొఫెసర్ కరీంనగర్‌లోని మా కళాశాలకు వచ్చారు. కృత్రిమ మేధతో కంప్యూటర్ చేత లెక్కలు చెప్పించే పరిశోధనలో మమ్మల్ని కలుపుకోవాలని ఆయన ఉద్దేశం. పిల్లలు లెక్కల్లో ఎందుకు తప్పులు చేస్తారో అందుకోసం బడులు తెలపాలి. ఆ లెక్కల సారుతో సహా మేం వెళ్లే బడుల సార్లంతా ఒప్పందంపై సంతకం చేస్తేనే ఆ పరిశోధనలో నాకు చోటు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. ఆ చోటుపైనే ఆశ పెట్టుకున్నాను.

ప్రొఫెసరూ నేనూ పొద్దుటి నుంచి జీపులో తిరిగి, నాలుగో బడిగా ఆ సారు బడికి చేరాం. నలభై రెండులోంచి పదిహేడు తీసేసి ఒక పాప ముప్ఫై ఐదు వేసింది.

"ఎట్లచ్చింది బిడ్డా?" అని సారు అడిగారు.

పాప తల వంచుకుంది. సారు ఆగారు. ప్రొఫెసర్ గడియారం చూసుకొని, "ఇంకా రెండు బడులున్నాయి, సంతకం తీసుకొని రండి" అని నాతో చెప్పి జీపెక్కారు.

నేను సారు ముందు ఒప్పందం కాగితం చాపాను.

"జర ఆగుండ్రి సార్, పిల్ల చెప్తది."

చాలాసేపటికి పాప నోరు విప్పింది. "రెండుల కెల్లి ఏడు పోదు గద సార్. గందుకే ఏడుల కెల్లి రెండు తీసిన."

సారు అలసటగా నవ్వారు. "గిది ఇనేటందుకే గద మీ పెద్దసారు గింత దూరం వచ్చింది? పిలువుండ్రి."

బయట జీపు హారన్ మోగింది. నేను సంతకం లేని కాగితాన్ని అలాగే మడిచి జేబులో పెట్టుకున్నాను.