ఇంటిల్లిపాదీ రాసుకోవాల్సిన మందు

దురద మొదట మా అమ్మాయికి వచ్చింది. వేళ్ల సందుల్లో చిన్న చిన్న పొక్కులు. పగలు ఆటల్లో పడి మర్చిపోయేది, పక్క మీదికి చేరగానే గోక్కునేది. తరవాత నాకు, ఆ వెనకే మా ఆయనకు. బందరులో మా వీధి చివరి మందుల షాపులో ఒక ట్యూబు ఇచ్చారు. రాస్తే హాయిగా ఉండేది. మానేస్తే అంతకు రెండింతలు వచ్చేది.

అప్పటికి నేను గుడివాడలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఒకరోజు క్లాసులయ్యాక అక్కడే ఒక చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా మణికట్టును లెన్సు పెట్టి చూసి, "గజ్జండీ" అన్నారు.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "మేం రెండుపూటలా స్నానం చేస్తామండీ."

"స్నానానికీ దీనికీ సంబంధం లేదమ్మా. కంటికి ఆనని పురుగు ఇది. చర్మంలోకి తొలుచుకుని వెళ్లి గుడ్లు పెడుతుంది. పక్కపక్కన పడుకున్నా, ఎక్కువసేపు ఒళ్లూ ఒళ్లూ తగిలినా ఒకళ్ల నుంచి ఇంకొకళ్లకి పాకుతుంది. మీ ట్యూబు దురదని అణుస్తుంది గానీ పురుగుని చంపదు."

రాసిచ్చిన మందు మెడ నుంచి అరికాళ్ల దాకా పూసుకుని, పొద్దున్నే కడిగేసుకోవాలి. వారం తరవాత మరోసారి. "ఇంట్లో అందరూ ఒకే రోజు రాసుకోండి, దురద లేనివాళ్లు కూడా. ఒక్కళ్లు మానేసినా కథ మళ్లీ మొదటికొస్తుంది" అన్నారు.

మా అత్తగారు మానేశారు. ఆవిడ తువ్వాలు ఇంకొకరు ముట్టుకోవడానికి వీల్లేదు. "గజ్జేంటి, మనింట్లో? నాకేం లేదు" అన్నారు. మా ఆయన ఒకటి రెండుసార్లు చెప్పి ఊరుకున్నారు. మేం ముగ్గురం రాసుకుని, దుప్పట్లు వేణ్ణీళ్లలో ఉతికి ఎండలో వేశాం. తగ్గింది. కొన్ని వారాలకు మళ్లీ వచ్చింది, ఈసారి కూడా ముందు మా అమ్మాయికే. అది నాయనమ్మ పక్కలోనే పడుకుంటుంది.

ఒక సెలవురోజు మధ్యాహ్నం పెరట్లోకి వెళ్లేసరికి అత్తగారు కుళాయి దగ్గర కూర్చుని తడిగుడ్డతో ముంజేతులు రుద్దుకుంటున్నారు. మోచేతుల దాకా చెక్కు కట్టిన పుళ్లు. నన్ను చూసి జాకెట్టు పొడుగు చేతులు కిందికి లాక్కున్నారు. నేను అడక్కుండానే అన్నారు.

"అక్క దగ్గర అంటుకుని ఉంటుంది."

మా ఇంట్లో దురద మొదలవకముందు ఆవిడ అక్కగారు అవనిగడ్డలో మంచాన పడితే ఈవిడే వెళ్లి చివరిదాకా ఉన్నారు. ఒళ్లు తుడిచి, పక్కనే పడుకున్నారు.

"ఒంటి మీద పుళ్లున్నాయని అక్క కోడళ్లు గడప దాటి లోపలికి వచ్చేవాళ్లు కాదు. అది గజ్జని తెలిస్తే పోయిన మనిషిని ఇంకేం అంటారో."

"వాళ్లకీ ఉండొచ్చు అత్తయ్యగారూ. పిల్లలున్న ఇల్లు."

ఈ సంగతి అప్పటిదాకా ఆవిడకు తట్టినట్టు లేదు. తడిగుడ్డ పిండి తీగ మీద ఆరేసి లోపలికి వెళ్లారు.

ఆ సాయంత్రం ఆవిడ వీపుకు నేను మందు రాశాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ ఒంటి మీద చెయ్యి వెయ్యడం అదే మొదలు. వీపు బిగబట్టుకుని కూర్చున్నారు. "చల్లగా ఉంది" అన్నారు, అంతే. మిగతా ముగ్గురమూ అప్పుడే రాసుకున్నాం.

మర్నాడు అవనిగడ్డలో అక్క పెద్దకోడలికి ఫోన్ చేశారు. అక్క పేరు ఎత్తలేదు. "నాకు గజ్జి పట్టిందే. అక్కడున్నన్నాళ్లూ మీకు అంటించానేమో. అందరూ ఒకసారి చూపించుకోండి" అన్నారు. అవతల ఏమన్నారో గానీ ఆవిడ ముఖం కాస్త ఎర్రబడింది. ఫోన్ పెట్టేసి, చిన్నకోడలి కొడుకు కూడా గోక్కుంటున్నాడట అని మాత్రం చెప్పారు. వాళ్లు డాక్టరుకు చూపించుకున్నారని తరవాత తెలిసింది.

మందు పూర్తయ్యాక కూడా కొన్నాళ్లు దురద ఉంది. పురుగు చచ్చినా చర్మం తేరుకోవడానికి టైం పడుతుందని డాక్టరమ్మ ముందే చెప్పారు. తరవాత అదీ పోయింది. మా ఇంట్లో మళ్లీ ఎవరికీ రాలేదు.