అమ్మ అరగదీసిన రాయి

నా చిన్నప్పుడు మా ఇంట్లో తెల్లవారేది ఇసుర్రాయి చప్పుడుతోనే. మదనపల్లెలో మిషను ఆసుపత్రి వెనకవైపు, ఆసుపత్రి పనివాళ్ళ ఇళ్ళ వరసలో ఉండేది మా ఇల్లు. మా నాయన అక్కడ పుండ్లకు కట్లు కట్టే డ్రెస్సరు. అమ్మ వేకువనే లేచి, ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి కూర్చుని ఆ రోజు సంగటికి కావలసిన రాగులు విసిరేది. రాయి గుర్రుగుర్రుమంటూ తిరుగుతుంటే దాని మీదుగా చర్చిలో పాడే కీర్తన ఏదో సన్నగా వినిపించేది. నేను పాక్కుంటూ వెళ్ళి ఆమె చాపిన కాలి మీద తల పెట్టుకుని మళ్ళీ నిద్రపోయేదాన్ని.

ఇసుర్రాయి అంటే ఇప్పటి పిల్లలకు చెప్పాల్సిందే. పుస్తకాల్లో తిరగలి అంటారు. ఒకదాని మీద ఒకటి కూర్చునే రెండు గుండ్రని రాళ్ళు. పై రాయికి నడుమ గింజలు పోసే కన్నం, అంచున పట్టుకు తిప్పడానికి కొయ్య పిడి. రెండు రాళ్ళ ముఖాలూ గరుకుగా ఉంటేనే గింజ నలుగుతుంది. రోజూ విసిరే ఇంట్లో అవి అరిగి నున్నబడతాయి. అప్పుడు గంట్లు పెట్టే ఆమె రావాలి. ఉలీ సుత్తీ పట్టుకుని వీధివీధీ తిరుగుతూ, రాళ్ళ ముఖాల నిండా చిన్న చిన్న గుంటలు కొట్టి మళ్ళీ గరుకు చేసి పోయేది. అరిగిన రాయి ఎక్కడికి పోయిందని అడగాలని ఎవరికీ తోచేది కాదు. సంగటి తింటుంటే అప్పుడప్పుడు పంటి కింద సన్నని రేణువు కరుక్కుమనేది. నాకు ఒళ్ళు జలదరించి థూ అని ఉమ్మేసేదాన్ని. అమ్మ నవ్వి ఊరుకునేది.

నేను మిడిల్ స్కూలులో ఫస్టు ఫారం, అంటే ఇప్పటి ఆరో తరగతి, చేరిన ఏడాది అమ్మ పోయింది. యుద్ధం నడుస్తున్న రోజులు. ఊరంతా కిరసనాయిలు గురించీ బియ్యం గురించీ మాట్లాడుకుంటుంటే మా ఇంట్లో మాత్రం అమ్మ జ్వరం గురించే మాట. నాయన పనిచేసే ఆసుపత్రిలోనే, నాయన కళ్ళ ముందే ఆమె కన్నుమూసింది. సమాధుల తోటలో పెట్టె దించేటప్పుడు పాస్టరుగారు మనిషి మన్ను కావడం గురించి చదివారు. పెద్దవాళ్ళు ఆ మాటకు తలలు వంచుకున్నారు. నాకు మాత్రం భయం వేసింది. మన్నయిపోతే ఇంక అమ్మ అనేది ఎక్కడా ఉండదు గదా అనిపించింది. ఆ సంగతి ఎవరినీ అడగలేదు. అడిగితే అవునంటారేమోనని.

ఇంటి పని జేజి మీద పడింది. జేజి అంటే మా నాయన తల్లి. అప్పటికే వంగిపోయిన మనిషి. ఆమె విసరడానికి కూర్చునేనాటికి రాయి బాగా నున్నబడి ఉంది. గింజలు నలగకుండా జారిపోయేవి. ఒకసారి విసిరిన పిండినే మళ్ళీ పోసి విసిరేది. గంట్లు పెట్టే ఆమెను పిలుద్దామని జేజి అన్నప్పుడల్లా నేను ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేదాన్ని. నాయన నా ముఖం చూసి, పోనీలే అమ్మా, ఇంకొన్నాళ్ళు పోనీ అనేవాడు.

నా ఏడుపుకు కారణం ఉంది. మధ్యాహ్నాలు ఎవరూ లేనప్పుడు పై రాయి ఎత్తి పక్కన పెట్టి దాని ముఖం మీద అరచెయ్యి పెట్టి నిమిరేదాన్ని. ఎంత నున్నగా ఉండేదో! ఆ నునుపంతా అమ్మ చేతి పనే. ఆమె చీరల్లోని వాసన ఉతుకుల్లో పోయింది. గొంతు ఎలా ఉండేదో గుర్తు చేసుకోబోతే చెదిరిపోతోంది. మిగిలింది ఈ నునుపొక్కటే. దాని మీద ఉలి పడితే అమ్మ రెండోసారి చచ్చిపోతుందని నా గట్టి నమ్మకం. మొండి ఘటాన్ని నేను. ఇప్పటికీ అంతే.

మాకు భూగోళం చెప్పే టీచరమ్మది పుంగనూరు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ తెల్లచీరలో ఉండేది. ఎవరినీ కొట్టేది కాదు, ఒక్క చూపు చూస్తే చాలు, బెంచీలు కూడా కదలడం మానేసేవి. ఒక వారం ఆమె రాళ్ళ పాఠం మొదలుపెట్టింది. నల్లబల్ల మీద పెద్ద సున్నా గీసి, దాని చుట్టూ ఒక్కొక్కటీ రాస్తూ పోయింది. భూమి లోపలి నిప్పులో కరిగినది చల్లారితే మన కురబలకోట వైపు కొండల్లాంటి రాయి అవుతుంది. ఎండకూ వానకూ ఆ కొండ పగిలి ఇసుక అవుతుంది, ఇసుక మన్నవుతుంది. వాన నీళ్ళతో కొట్టుకుపోయిన మన్ను నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకుని మళ్ళీ రాయి అవుతుంది. మన తరగతిలో పరిచిన కడప బండలు అలా పుట్టినవే అంది. ఆ పొరలు ఇంకా కిందికి దిగి, బరువుకూ వేడికీ మారిపోతే మీ ఒళ్ళో ఉన్న పలక. ఇంకా లోపలికి పోతే మళ్ళీ నిప్పు, మళ్ళీ కొండ. ఇదంతా జరగడానికి పట్టే కాలం ముందు మనిషి బతుకు ఒక రెప్పపాటు కూడా కాదని చెప్పింది. మన్ను అన్న మాట దగ్గర నేను ఉలిక్కిపడ్డాను. మన్ను తర్వాత ఇంకా ఏదో ఉందని చెప్పిన మొదటి మనిషి ఆమే.

బడి వదిలేముందు ఆమె, రేపు తలా ఒక రాయి తెమ్మంది. దారిలో కాలికి తగిలిన రాయి వద్దు, మీ ఇంట్లో పని చేసే రాయి కావాలంది.

మర్నాడు పొద్దున్నే మా వీధి చివర కేక వినిపించింది. “రోళ్ళకు గంట్లూ... ఇసుర్రాళ్ళకు గంట్లూ...” జేజి పొయ్యి దగ్గర నుంచే, ఈ పొద్దు ఎవరేమన్నా పెట్టించాల్సిందేనని గట్టిగా అంది. మరుక్షణమే నాకు ఉపాయం తట్టింది. టీచరమ్మ రాయి తెమ్మంది గదా! పాతగుడ్డ చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుని, పై రాయిని ఎలా ఎత్తుకున్నానో ఏమో, పెరటి దారిన బడికి పారిపోయాను. మెడ విరిగిపోతుందేమో అన్నంత బరువు. ఒకచోట కూడా దించలేదు.

తరగతిలో అందరి రాళ్ళూ వరసగా పెట్టారు. కత్తులు నూరే సానరాయి ఒకరిది, మసాలా నూరే చిన్న బండ ఒకరిది, ఒళ్ళు రుద్దుకునే రాయి ఇంకొకరిది. నా రాయిని చూసి అందరూ పకపకా నవ్వారు. నీ ఇంటిని కూడా ఎత్తుకు రాకపోయావా అంది నా పక్కన కూర్చునే సాయిబుల అమ్మాయి. టీచరమ్మ నవ్వలేదు. రాయిని తిరగేసి, దాని ముఖం మీద వేలితో రాసి, ఇంత నున్నబడేదాకా గంట్లు పెట్టించలేదేమని అడిగింది. నేను తల వంచుకున్నాను. నా ముఖంలో ఏం కనిపించిందో, ఇంక అడగలేదు.

అంతలో గుమ్మంలో జేజి నిలబడి ఉంది. నెత్తిన కొంగు, ఎండకు చెమటలు. వెనకే ఉలీ సుత్తీ సంచిలో వేసుకుని గంట్లు పెట్టే ఆమె. జేజి బడి గడప తొక్కడం అదే మొదలు. నన్ను తిట్టలేదు. టీచరమ్మకు నమస్కారం పెట్టడానికి చేతులు జోడించింది. అప్పుడు చూశాను. రెండు అరచేతులకూ నాయన తెచ్చిన ఆసుపత్రి గుడ్డ కట్టి ఉంది. ఒకచోట అది ఎర్రగా తడిసి ఉంది. ఇంట్లో ఆ చేతులను ఎప్పుడూ కొంగు కింద దాచుకునేది కాబోలు.

టీచరమ్మ తన కుర్చీ తెచ్చి జేజిని కూర్చోబెట్టింది. జేజి కుర్చీ అంచున కూర్చుని నా వైపు చూస్తూ మెల్లగా అంది.

“నీకొక్కదానికే అనుకోవద్దు పాపా. ఆ రాయి నున్నంగా ఉంటే నా కోడలు ఇంట్లోనే ఉండాదని నాకూ అనిపిస్తాంది. అందుకే ఇన్నాళ్ళూ ఓర్సుకుంటి. ఏం జేసేది, ఈ సేతులు మాట వినల్యా.”

టీచరమ్మకు అప్పటికి సంగతి అర్థమయింది. ఆమె నా పక్కన కడప బండ మీద చతికిలబడింది. టీచర్లు అలా నేల మీద కూర్చోవడం మేము చూడలేదు. పాఠం చెప్పే గొంతు కాకుండా, ఇంట్లో మాట్లాడే గొంతుతో అడిగింది.

“మీ అమ్మ అరగదీసిన రాయి యాడుందమ్మా?”

నేను ఇసుర్రాయి మీద చెయ్యి పెట్టాను.

“ఇది కాదు గదా. ఈడ మిగిలింది మీ అమ్మ అరగదీయనిది. ఆమె అరగదీసింది యాడికి పోయిందో బాగా ఆలోచన జెయ్యి.”

నేను ఆ నునుపు వైపే చూస్తూ ఉండిపోయాను. నిజమే. అమ్మ చేతిలో అరిగిన రాయి ఇక్కడ లేదు. ఇన్నాళ్ళూ నేను నిమురుతున్నది ఆమె చెయ్యి ఇంకా చేరని రాయిని. మరి అరిగింది? పిండిలోకి పోయింది. పిండి సంగటయింది. పంటి కింద కరుక్కుమన్న ఆ రేణువులు గుర్తొచ్చాయి.

“మేం తిన్నాం,” అన్నాను చివరికి.

“తిన్నది కడుపులోనే ఉండిపోతాదా టీచరమ్మా?” అంది సాయిబుల అమ్మాయి చాలా గంభీరంగా. గదంతా గొల్లుమంది. జేజి కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ పోయిన తర్వాత నేను నవ్వడం అదే మొదటిసారి. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపు వచ్చేసింది. టీచరమ్మ నా వీపు మీద చెయ్యి వేసి, నవ్వులు సద్దుమణిగేదాకా ఆగి, ఆ పిల్ల అడిగింది మంచి ప్రశ్నే అంది. లోపలికి పోయినదాంట్లో చాలామటుకు మన్నులో కలిసి ఉంటుంది, నిన్న బల్ల మీద గీసిన సున్నాలో అది కూడా ఎక్కడో నడుస్తూనే ఉంటుంది, రాయి ఉన్నచోట ఉండదుగానీ లేకుండా మాత్రం పోదు అని చెప్పింది. తర్వాత లేచి నిలబడి, రాయి నీది, ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పమంది.

అందరూ నా వైపే చూస్తున్నారు. నేను జేజి చేతులకేసి చూశాను. ఎర్రబడిన ఆ గుడ్డకేసి చూశాను. పై రాయిని రెండు చేతులతో ఎత్తి తీసుకెళ్ళి గంట్లు పెట్టే ఆమె ముందు పెట్టాను.

ఆమె వరండాలోనే గోనెపట్టా పరుచుకుని పని మొదలుపెట్టింది. మేమంతా చుట్టూ నిలబడ్డాం. మొదటి దెబ్బకు కళ్ళు మూసుకున్నాను. ఖంగుమని మోగింది. రెండో దెబ్బకు తెరిచాను. ఉలి పడిన చోటల్లా తెల్లటి చుక్క, దాని చుట్టూ సన్నని పొడి. నునుపంతా కొంచెం కొంచెంగా పోతూ ఉంది. అయినా చూస్తూనే నిలబడ్డాను. పని అయ్యాక గోనెపట్టా మీద మిగిలిన రాతిపొడిని టీచరమ్మ తన చేత్తోనే కాగితంలోకి ఎత్తి, పొట్లం కట్టి నాకిచ్చింది. ఏం చెయ్యాలో చెప్పలేదు.

సాయంత్రం రాయిని నాయన వచ్చి మోసుకుపోయి, ఇంట్లో కింది రాయికి కూడా ఆమె చేతే గంట్లు పెట్టించాడు. నేనూ జేజీ సమాధుల తోటకు వెళ్ళాం. అమ్మ మీద పోసిన ఎర్రమన్ను వానకు కాస్త కుంగి ఉంది. నేను పొట్లం విప్పి ఆ పొడిని దాని మీద చల్లాను. జేజి కట్టు కట్టిన చేత్తో నేల మీద సర్ది, సన్నగా ప్రార్థన చేసింది. మన్ను అంటే ఆ రోజు నాకు భయం వెయ్యలేదు.

తర్వాత నాకు కుప్పంలో పెళ్ళయింది. అత్తవారింటికి వచ్చేటప్పుడు ఏం కావాలని నాయన అడిగితే ఇసుర్రాయి అడిగాను. రైల్లో ఆ బరువు మోసుకుంటూ నాయన విసుక్కోలేదు. ఎన్నో ఏళ్ళు దాని మీదే విసిరాను, నున్నబడినప్పుడల్లా గంట్లు పెట్టించాను. పిలిచి మరీ పెట్టించాను. చివరికి పై రాయి పలచబడి పలచబడి ఒకనాడు నా చేతిలోనే రెండు ముక్కలయింది. ఇంట్లో వాళ్ళంతా నేను ఏడుస్తానని అనుకున్నారు. ఏడవలేదు. అమ్మ మొదలుపెట్టిన పని నా చేతిలో పూర్తయిందనిపించింది.

ఇప్పుడు మా ఇంట్లో అంతా మిల్లు పిండి. సంగటి మెత్తగా, వెన్నలాగా ఉంటుంది. అయినా ఎప్పుడో ఒకసారి ఎక్కడి నుంచో ఒక రేణువు వచ్చి పంటి కింద కరుక్కుమంటుంది. మనవళ్ళు ముఖం చిట్లించి ఉమ్మేస్తారు. నేను ఉమ్మను. ఒక్క క్షణం నమలడం ఆపి, కళ్ళు మూసుకుని మింగేస్తాను.