అడగకుండా తీసిన వీడియో

మూడు బళ్ల గోడల మీద నా చేతిరాతతో ఒకే చార్టు ఉంది. "ఎవరినీ అడగకుండా వాళ్ల ఫొటో తీయను. తీసినా, వాళ్లు సరే అనకుండా ఎవరికీ పంపను." మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో పిల్లలంతా ఆ మాటల కింద నీలం ఇంకుతో వేలిముద్రలు వేశారు. నేనూ వేశాను. అన్నింటికంటే పెద్ద ముద్ర నాదే. ఆ మాట తప్పిందీ నేనే.

ప్రాథమిక బళ్లలో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్పడం నా పని. ఫోన్లో, ఇంటర్నెట్లో ఎలా మసలుకోవాలో కూడా చెప్పాలి. పాస్‌వర్డు ఎవరికీ చెప్పకూడదు, ముఖం చూసి అనలేని మాట ఫోన్లోనూ రాయకూడదు, ఇలాంటివి. ఇల్లు మదనపల్లెలోనే కాబట్టి సోమవారం అక్కడ, మంగళ బుధవారాలు పుంగనూరులో, గురు శుక్రవారాలు కుప్పంలో. ఆరు లాప్‌టాప్‌లున్న సంచి భుజాన వేసుకుని బస్సెక్కితే కండక్టర్లు చీరల వ్యాపారమా అని అడిగేవాళ్లు. అదయితే ఇంతకంటే మర్యాదగా బతికేదాన్నేమో.

మా ఉద్యోగంలో ఒక ఆచారం ఉంది. క్లాసు అయిన వెంటనే ఒక ఫొటో తీసి మా టీచర్ల గ్రూపులో పెట్టాలి. ఫొటో లేకపోతే క్లాసు జరగనట్టే. బళ్లలో అంతా అదే తీరు. గుడ్డు పెడితే ఫొటో, చిక్కీ పంచితే ఫొటో, మరుగుదొడ్డి కడిగితే దానికీ ఒక ఫొటో. పిల్లలకు మా ముఖాలకంటే మా ఫోన్ల వెనకవైపే బాగా గుర్తుండి ఉంటుంది. చార్టు మీద అడిగి తీయాలని రాసింది నేనే అయినా, ఒక్కనాడూ ఆ పిల్లల్ని అడిగింది లేదు. అలవాటైన చెయ్యి అడగదు.

పుంగనూరు బడిలో నాలుగో తరగతిలో ఒక పాప ఉండేది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. నాన్న మదనపల్లె టమోటా మండీలో క్రేట్లు మోస్తాడు, అమ్మ ఇంట్లోనే మిషన్ కుడుతుంది. ఆ పాప మాట్లాడేది తక్కువ, చూసేది ఎక్కువ. తెర మీద బొమ్మ గోడకు తగిలి అక్కడే కాళ్లాడిస్తుంటే మిగతా పిల్లలు నవ్వేవాళ్లు. ఈమె మాత్రం, "ఆగమని దానికి మనం చెప్పలేదు గదా మేడం" అనేది.

లాప్‌టాప్ ముట్టుకునే ముందు నేను పిల్లలతో మరమనిషి ఆట ఆడిస్తాను. ఒకరు మరమనిషి, ఇంకొకరు ఆజ్ఞలిస్తారు. రెండడుగులు ముందుకు, కుడికి తిరుగు, ఇలా. చెప్పింది చెప్పినట్టు చేయాలి, సొంత తెలివి వాడకూడదు. ఆ మంగళవారం ఈ పాప మరమనిషి. ఆజ్ఞలిచ్చే పిల్ల మూడడుగులు అనాల్సింది నాలుగు అంది. నాలుగో అడుగు చేతులు కడుక్కోవడానికి గడప దగ్గర పెట్టిన నీళ్ల బకెట్లో పడింది. పాప కాలు తీయలేదు. మోకాలి దాకా తడిసి, చేతులు బిగించుకుని, ముందుకు చూస్తూ అలాగే నిలబడింది.

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. "ఏమ్మా, కాలు తియ్యవా?" అన్నాను.

"తియ్యమని ఎవురూ చెప్పలేదు గదా మేడం."

నేను నేర్పాలనుకున్న పాఠం అదే. మూడు బళ్లలో దాన్ని అంత బాగా పట్టుకున్న బిడ్డ మరొకరు లేరు. అప్పటికే నా చేతిలో ఫోన్ ఉంది, బకెట్లో కాలు పడినప్పటి నుంచీ తీస్తూనే ఉన్నాను. ఆ వీడియో మా గ్రూపులో పెట్టి, "మా పుంగనూరు రోబో చూడండి" అని రాసి, కళ్లనీళ్లు వచ్చేట్టు నవ్వే బొమ్మలు మూడు అంటించాను. పాఠం అర్థమైంది అని రాయడానికి నాకు చేతులు రాలేదు.

తర్వాతి వారం కుప్పంలో, మధ్యాహ్నం అన్నాల వేళ, అక్కడి టీచర్ ఒకావిడ ఫోన్ నా ముందు పెట్టింది. "ఇది మీ క్లాసే కదా మేడం? మా ఆడపడుచు పంపించినాది."

అదే వీడియో. వెనక ఎవరో డప్పు సంగీతం తగిలించారు. పైన పెద్ద అక్షరాలతో, "సర్కారు బడి చదువులు ఇట్లుంటాయి" అని రాశారు. పాప ముఖం స్పష్టంగా ఉంది. మా గ్రూపులోంచి ఎవరు ఎవరికి పంపారో నేటికీ తెలీదు.

"ఏమో, చూస్తే గానీ చెప్పలేను" అన్నాను, చూస్తూనే.

ఆ మధ్యాహ్నం కుప్పం పిల్లలు చార్టు చూడకుండానే ప్రమాణం గడగడా అప్పజెప్పారు. బాగా చెప్పారని మెచ్చుకున్నాను. తేలు కుట్టిన దొంగ కూడా అంత కుదురుగా నిలబడి ఉండడు.

మంగళవారం పుంగనూరు బడికి పాప వాళ్లమ్మ వచ్చింది. ప్రధానోపాధ్యాయురాలిని అక్కడ అందరూ హెచ్చెం మేడం అంటారు. ఆవిడ గదిలో నేనూ ఉన్నాను.

"మా ఆయనకు మండీలో సూపించినారు మేడం. బకెట్ పాప నీ కూతురేనంట గదా అని ఎగతాళి. నాలుగు దినాలుగా నా బిడ్డ బడికి రానంటాండాది. ఎవురు తీసినారు ఈ వీడియో?"

హెచ్చెం మేడం మా గ్రూపులో లేదు. ఆవిడకు నిజంగా తెలీదు. నా వైపు తిరిగి, "మీ క్లాసే కదమ్మా. ఎవరు తీసింటారు?" అంది.

నేను అని చెప్పడానికి ఎంతసేపు? నా నోటినుంచి వచ్చింది మాత్రం ఇదీ: "ఆ రోజు వాకిట్లో చానామంది ఉన్నారు మేడం. నేను గమనించలేదు."

వాకిట్లో ఉన్నది ఒక్కతే. మధ్యాహ్న భోజనం వండే అవ్వ. బకెట్ తెచ్చి పెట్టి, ఆట చూస్తూ గడప దగ్గర నిలబడింది. చేతిలో ఫోన్ ఉంది. గంగవరంలో కూతురు నిండు చూలాలు, రోజూ ఆ వేళకు అమ్మకు ఫోన్ చేసేది. ఆ సంగతి బడికంతా తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు.

ఆ వేళకు ఫోన్‌తో అక్కడ ఉండేది ఆమే కదా అని అవ్వను పిలిపించారు. చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చింది. "అమ్మా, నాకు ఫోన్ వస్తే ఎత్తేది, పెట్టేది తప్ప ఇంకేం తెలీదు. వీడియో యాడ తీసేది నేను?" అని ఒక్కొక్కరి ముఖమూ చూసింది. నా ముఖం కూడా. నేను కిటికీలోంచి జెండా కర్ర చూశాను.

హెచ్చెం మేడం తీర్పు చెప్పేసింది. రేపటి నుంచి అవ్వ ఫోన్ ఇంట్లో పెట్టి రావాలి. వచ్చే బుధవారం తల్లుల కమిటీ కూర్చుంటుంది, వంటపనిలో ఆమెను ఉంచాలో తీసేయాలో వాళ్లే తేలుస్తారు.

ఆ వారమంతా నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కమిటీ ఏమీ చేయదులే, ముసలామె మీద ఎవరికి కోపం ఉంటుంది, రెండు రోజుల్లో అందరూ మర్చిపోతారు. గ్రూపులో మాత్రం ఆ వీడియో వెతికి తీసేశాను. అడుసు తొక్కి కాలు కడుక్కున్నట్టు కూడా కాదు, ఆ అడుసు అవ్వ కాలికి పూసి నా కాలు కడుక్కున్నాను.

బుధవారం వచ్చింది. పాప ఆ సోమవారం నుంచి మళ్లీ బడికి వస్తోంది. ఎప్పుడూ ముందు కూర్చునేది, ఇప్పుడు చివరి వరసలో గోడకు ఆనుకుంది. నా పాఠాల పుస్తకంలో ఆ రోజు పాఠం: ఫోన్లో ఏదైనా చెడ్డది కనబడితే, నమ్మకమైన పెద్దవాళ్లకు చెప్పాలి. సంవత్సరం మొదట్లోనే పిల్లలందరిచేతా నోట్‌బుక్ మొదటి పేజీలో అలాంటి ఒకరి పేరు రాయించాను. తీసి చూపించమన్నాను.

పాప పేజీలో అప్పుడు పెన్సిల్‌తో "కంప్యూటర్ మేడం" అని రాసుకుంది. దాన్ని రబ్బరుతో చెరిపేసింది. కాగితం పలచబడినా అక్షరాలు ఇంకా కనబడుతున్నాయి. వాటి మీదే, "అన్నం వండే అవ్వ" అని రాసింది.

నేను ఆ పేజీ చూస్తుంటే ఆమె నన్ను చూసింది. ఫోన్ ఎవరి చేతిలో ఉందో ఆ బిడ్డకు తెలుసు. అందరూ బకెట్‌నే చూస్తుంటే, అందులో నిలబడి ఆమె నావైపే కదా చూసింది.

మధ్యాహ్నం కమిటీ వరండాలో చాపల మీద కూర్చుంది. నేను లేచి, "వీడియో తీసింది నేను. పంపింది నేను. తెలీదని అబద్ధం చెప్పిందీ నేనే" అన్నాను. నాకు అప్పటికప్పుడు ధైర్యం పుట్టుకొచ్చిందని ఎవరూ అనుకోకండి. పాప చెప్పేస్తుందన్న భయంతో లేచాను.

పాప వాళ్లమ్మ కూడా అక్కడే కూర్చుని ఉంది. "ఆ దినం యాల చెప్పలేదు మేడం?" అంది.

అవ్వ స్తంభం దగ్గర నిలబడి ఉంది. "కానీలేమ్మా" అంది నాతో. హెచ్చెం మేడం వైపు తిరిగి, "ఇంక ఫోన్ తెచ్చుకోవచ్చా అమ్మా?" అని అడిగింది. తెచ్చుకోమన్నాక, మామూలుగా చెప్పింది. "మొన్న మధ్యాన్నమే నా కూతురికి కాన్పయింది. అమ్మా రా, అమ్మా రా అని నొప్పుల్లో ఫోన్ చేస్తానే ఉండాదంట. సాయంత్రం ఇంటికి పోయినాకే సూసినాను. ఆడబిడ్డ. బాగుండారు ఇద్దరూ."

ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంతో బాగుండేది. మదనపల్లెలో మండీ ముందు నుంచి బస్సు పోతుంటే ఇప్పటికీ అవతలి పక్క కూర్చుంటాను. ఆ పాప నాన్న దగ్గరకు పోవాలి. ఇంకా పోలేదు.

మరుసటి మంగళవారం క్లాసు అయిపోయింది. గ్రూపుకు ఫొటో పంపాలి. మొదటిసారి పిల్లల్ని అడిగాను, తీయనా అని. అందరూ సరే అని అరిచారు. చివరి వరసలో పాప లేచి నిలబడింది.

"వద్దు మేడం."

ఫోన్ సంచిలో పెట్టేశాను. ఆ రోజు నా క్లాసు జరగనట్టే లెక్క.