దోరమామిడి జాడీలో కల్లుప్పు

మా ఇంట్లో గుడ్డ కట్టిన జాడీ ఏది కనబడినా అది ఊరగాయే. సాక్షాత్తు దేవుడే వచ్చి లోపల కూర్చున్నా, మా అమ్మ ఆయన నెత్తిన రెండు గుప్పెళ్ళు కల్లుప్పు చల్లి ఎండలో పెడుతుంది. యాభై ఏళ్ళుగా ఇది తెలిసి కూడా నేను జాడీనే వాడాను. అందుకే నా కోపంలో ముంతెడు నా మీద, మిగిలిన చెరువెడు ఇంటిల్లిపాది మీద.

మొదలుపెట్టింది విరుదునగరం బావ, నా భార్యకు అన్న. పోయిన వేసవిలో వాళ్ళింటికి పోతే ఒక విదేశీ మందు సీసా తెచ్చి నా ముందు పెట్టాడు. పెట్టడమా అది, ప్రతిష్ఠ! అందులోంచి మూతెడు నాకు పోసి, "మెల్లిగా తాగు మాప్ళే," అన్నాడు. చెల్లెలి మొగుణ్ణి కాబట్టి నేనాయనకు మాప్ళేని. "మీ ఇంట్లో ఊరగాయ తప్ప ఇంకేం చేయను వస్తుంది?"

ఆ మాటకు వాళ్ళ కుక్క కూడా నవ్వింది. నేను కళ్ళారా చూశాను.

"ఆడి నెలలో కులదేవత పొంగలికి మా ఇంటికి రా బావా. నా చేత్తో చేసింది పోస్తా. తాగి ఈ మాట వెనక్కి తీసుకుందువు," అన్నాను.

పడమటి కొండ కింది వత్రాప్‌కు బస్సులో పోయి, మామిడితోపులో రెండు వందల కాయలు ఒక్కొక్కటి ఎత్తి, నొక్కి, వాసన చూసి, పన్నెండు దోరమామిడి పండ్లు ఎంచాను. "కాయలు కొంటారా అయ్యా, పెండ్లిచూపులా?" అని కాపలావాడు అరవంలో అడిగాడు. సర్కారు కొట్టు ముందు వరసలో నిలబడి వోడ్కా తెచ్చాను. పండ్లు కడిగి, తడి లేకుండా తుడిచి, చీలికలు కోసి, మునిగేదాకా వోడ్కా పోశాను. వెలుతురు తగలకూడదని నా భార్యను అడక్కుండానే ఆమె పింగాణీ జాడీ తీసి, మూత పెట్టి, గుడ్డ కట్టి, బియ్యం మూటల వెనక దాచాను. ముప్పై తొమ్మిది రోజులు, రోజూ ఊపాను. నా కన్నబిడ్డల ఉయ్యాల కూడా అంత ఊపలేదు. నడుమ ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే, పడమటి కొండ కింది తోపులన్నీ నా నోట్లో ఒక్కసారిగా పండినట్టయింది.

అమ్మకు తెలియకూడదు. మా నాయన ఒక్కసారి ఒక్క లోటా కల్లు తాగినందుకు నెల రోజులు కొట్టంలో ఎద్దుల పక్కన పడుకోబెట్టిన మనిషి ఆమె. అయితే నలభై ఏళ్ళ ముక్కుపొడితో ఆమె ముక్కు ఎప్పుడో మూతబడింది. శివకాశి టపాకాయలన్నీ ముందర పేల్చినా వాసన తెలియదు. ఆ ధైర్యమే నా కొంప ముంచింది.

నలభయ్యో రోజు పనిమీద తూత్తుకుడి పోయి, రెండు రోజులకు తిరిగొచ్చాను. జాడీ మిద్దె మీద ఎండలో ఉంది. లోపల ఎర్రగా, సాత్తూరులో నిలబడి చూసినా కనబడేంత ఎర్రగా, కారం. తూత్తుకుడి ఉప్పళాల్లో పండే ఉప్పులో సగం నాకంటే ముందే మా ఇంటికొచ్చి అందులో పడింది.

"ఎవరమ్మా ఇది చేసింది?"

"నేనే. నీ పెండ్లాము ఊరగాయ పెట్టి మరిచినట్టుంది. ఉప్పు లేదు, కారం లేదు. నీళ్ళు పోసి పెట్టింది! ఊరగాయకు ఎవరన్నా నీళ్ళు పోస్తారా అబ్బయ్యా?"

"ఆ నీళ్ళు?"

"కరివేపాకు చెట్టుకు పోస్తిని."

"రుచన్నా చూడలేదా?"

"ఊరకముందే నాలుక పెడితే ఊరగాయ చెడుతుంది. ఎరగవా?"

అరవడానికి నోరు తెరిచాను. ఏమని అరవను? నా భార్య మెట్ల మీద నిలబడి కొంగుతో మూతి మూసుకుని నవ్వుతోంది.

"చూస్తూ ఊరుకున్నావా?" అని పళ్ళు నూరాను.

"జాడీ నన్నడిగి తీసినావా? అత్త ఊరగాయ పెడుతుంటే అడ్డం పోయేదానికి నాకేమన్నా పిచ్చా?"

పోయి ఆ కరివేపాకు చెట్టు ముందు నిలబడ్డాను. దాన్ని చూసి కూడా పళ్ళు కొరికాను.

మరునాడు బావ దిగాడు. కాళ్ళు కూడా కడుక్కోలేదు, "ఏదీ నీ సరుకు?" అన్నాడు.

"చెడిపోయింది."

ఆయన నవ్వుకు మిద్దె కదిలింది. భోజనంలో అమ్మ పెరుగన్నం పక్కన రెండు మామిడి ముక్కలు వేసింది. బావ ఒకటి కొరికాడు. నమలడం ఆపాడు. నన్ను చూశాడు, అమ్మను చూశాడు, ఆకును చూశాడు. తర్వాత ఏడు ముక్కలు అడిగి వేయించుకున్నాడు. లెక్కపెట్టింది నేనే.

"అత్తా! ఇది ఎవరి చేతి ఊరగాయ?"

"నాదే నాయనా."

"విరుదునగరమంతా వెతికినా ఇట్లాంటిది దొరకదు. చెప్పలా మాప్ళే? మీ ఇంట్లో ఊరగాయ తప్ప ఇంకేం చేయను వస్తుంది?"

"బావా, అది నేను..."

"ఆఁ, నువ్వు? గట్టిగా చెప్పు. అత్త కూడా వింటుంది." మొహం మందారంలా ఎర్రబడి, వెధవ, కన్ను కొట్టాడు.

అమ్మ గరిటె పట్టుకుని నా వైపు తిరిగింది. మా నాయన, కొట్టం, ఎద్దులు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

"...ముక్కలు నేనే కోశాను," అన్నాను.

"బాగానే కోసినావు," అంది అమ్మ.

జాడీ మొత్తం బావ ఒళ్ళో కూర్చుని విరుదునగరం బస్సెక్కింది. ఆయన మాట వెనక్కి తీసుకోలేదు సరికదా, ఇప్పుడు ఫోను చేసినప్పుడల్లా "ముక్కలు కోసే మాప్ళే ఉన్నాడా?" అని అడుగుతున్నాడు.

కరివేపాకు చెట్టు వారం తిరగకముందే ఎండిపోయింది. నేను పళ్ళు కొరుకుతూ చూడడం అమ్మ చూసిందట. నా దిష్టే తగిలిందని వీధివీధికీ చెప్పుకుంటోంది.