మాటవరసకి అన్న మాట

మా ఏలూరులో మర్యాద ఎక్కువ. ఎంత ఎక్కువంటే, దొంగ గోడ దూకి వచ్చి వంటింట్లో గంగాళం తన్నుకుంటే, ఇంటాయన లేచి "కాలికి తగిలిందాండీ? గంగాళం అక్కడ పెట్టడం మాదే పొరపాటు" అంటాడు. దొంగ కూడా తక్కువ తినడు. "ఫర్వాలేదండీ, మీరు పడుకోండి" అంటాడు. ఇది నేను కళ్ళారా చూశానని చెప్పను గాని, చూశామన్నవాళ్ళని చూశాను.

ఈ మర్యాద ఒక మనిషి కొంప ముంచబోయిన సంగతి చెప్తాను. పెట్రోలు బస్సులు మా వైపు కొత్తగా తిరుగుతున్న రోజులవి. పందొమ్మిదివందల ముప్పైల్లో మాట. నేను ఏలూరు మునసబు కోర్టులో ప్లీడరీ చేస్తున్నాను. చేస్తున్నానంటే, నల్లకోటు తొడుక్కుని కోర్టు వరండాలో ఈ చివరి నించి ఆ చివరికి నడుస్తున్నాను. ఆ వరండా గచ్చు అరిగింది నా చెప్పుల వల్లేనని తరవాత మరమ్మతుకి వచ్చిన మేస్త్రీ కూడా ఒప్పుకున్నాడు.

ఒకనాడు పొద్దున్నే మా వీధి అరుగు మీదికి ఒక సాయిబుగారు వచ్చాడు. తివాచీలు నేసే మనిషి. కుడిచేతికి కట్టు. వెనకాల గుమ్మం పక్కగా ఆయన భార్య, ముసుగులో నిలబడింది.

"మీకు శ్రమ ఇస్తున్నానండీ ప్లీడరుగారూ" అన్నాడు.

"శ్రమ లేకే ఇలా ఉన్నాను, కూచోండి సాయిబుగారూ" అన్నాను.

ఆయన చెప్పిన కథ ఇది. కొత్తగా నేసిన తివాచీ చుట్ట భుజాన వేసుకుని తాడేపల్లిగూడెంలో అప్పజెప్పడానికి బస్సెక్కాడు. ఆ బస్సుని ఏలూరులో ఎరగనివాడు లేడు. అది బయల్దేరితే దుమ్ము వల్ల సూర్యుడు కనబడక కోళ్ళు గూళ్ళలోకి వెళ్ళిపోయేవి. దాని వెనక తలుపుకి గడియ విరిగిపోతే నారతాడుతో కట్టారు. సాయిబుగారికి ఆ తలుపు పక్కనే చోటు దొరికింది. దెందులూరు దగ్గర మలుపులో గడ్డిబండి అడ్డం వచ్చింది. డ్రైవరు చక్రం తిప్పాడు, తాడు తెగింది, తలుపు తెరుచుకుంది, తివాచీతో సహా సాయిబుగారు రోడ్డు మీద పడ్డాడు. తల తివాచీ మీద పడింది కనక బతికాడు. మణికట్టు మాత్రం రాతి మీద పడి నలిగిపోయింది. ఆసుపత్రిలో కట్టు కట్టారు. ఎముక అతుక్కుంది గాని వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి.

తివాచీ అంటే ముళ్ళే కదా. వేళ్ళు ముడవని మనిషి ముడి ఎలా వేస్తాడు? మగ్గం వేరేవాళ్ళది. పని లేకపోతే ఆ మగ్గం దగ్గర చోటూ లేదు. ఇల్లు గడవడం ఆ చేతి మీదే.

"దావా వేద్దాం" అన్నాను.

"ఎందుకండీ, ఆ బస్సు ఆసామీ చాలా పెద్దమనిషండీ. ఆ రోజు ముందు సీట్లో ఆయన కూడా ఉన్నారు. పాపం పరుగెత్తుకొచ్చారు" అన్నాడు సాయిబుగారు.

ముసుగులోంచి భార్య అందుకుంది. "ఈయన బతికి ఉండడం కూడా ఎవరికో శ్రమ ఇవ్వడమే అనుకుంటారండీ. రోడ్డు మీద పడి ఏమన్నారో చెప్పమనండి ప్లీడరుగారూ."

సాయిబుగారు తల వంచుకున్నాడు. "ఏముందండీ. మీకు శ్రమ ఇచ్చాను, నాదే పొరపాటండీ, తలుపుకి ఆనుకున్నాను, అన్నాను."

"ఆయనేమన్నారు?"

"ఫర్వాలేదండీ, అన్నారు."

చెయ్యి విరిగినవాడు క్షమించమన్నాడు, విరగ్గొట్టిన బస్సు తాలూకు ఆసామీ క్షమించాడు. ఇంతకన్నా మర్యాదగల ప్రమాదం భూప్రపంచంలో జరిగి ఉండదు. బస్సు నిండా ఉన్న జనం ఆ మాట విన్నారు. ఆ మాటే కోర్టులో మా మెడకి చుట్టుకుంటుందని నాకు అప్పుడే తెలిసింది.

దావా వేశాను. ప్రతివాది, అదే ఆ బస్సు ఆసామీ, తాడేపల్లిగూడెంలో ధాన్యం వ్యాపారం చేసే షావుకారు. మల్లెపువ్వులాంటి పంచె, మడత నలగని ఉత్తరీయం. ఆయన తరపున వచ్చిన ప్లీడరుగారు మా బారులో పెద్ద. ఆయన గొంతెత్తితే కొల్లేట్లో కొంగలు లేచేవి. ఇక తీర్పు చెప్పే మునసబుగారు అరవదేశం నించి కొత్తగా బదిలీ మీద వచ్చినవారు. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నారు. మాటకి ఒక్కటే అర్థం ఉంటుందని ఆయన నమ్మకం. వచ్చిన కొత్తలో వీధిలో ఎవరో "మా ఇంట్లో భోంచేసి వెళ్ళండి" అంటే, నిజంగానే సకుటుంబంగా వెళ్ళి పీటల కోసం చూశారట. ఆ ఇంటివాళ్ళు పొయ్యి మళ్ళీ వెలిగించేసరికి పిల్లలు నిద్రపోయారట.

విచారణ రోజు ఏలూరు సగం, తాడేపల్లిగూడెం మొత్తం కోర్టు హాల్లో ఉంది. మొదట నా సాక్షి, కొల్లేటి లంక నించి కొర్రమేను చేపలు కుండల్లో పెట్టుకుని రోజూ ఆ బస్సులోనే వెళ్ళే ఆవిడ. బోనెక్కి చుట్టూ చూసి, నాకే దణ్ణం పెట్టింది.

"ఆ తలుపు దేంతో కట్టేవారమ్మా?"

"తాడుతోనండి. మా గేదెకి కూడా అంత చివికిపోయిన పలుపు వెయ్యనండి. పారిపోద్ది."

"ఎవరికైనా చెప్పావా?"

"ఆసామీగారికే చెప్పానండి. చూస్తానమ్మా అన్నారు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ చూస్తానన్నారు. చూడ్డానికి ఆ బాబుకి కళ్ళు బాగానే ఉన్నాయి మరి."

జనం నవ్వారు. నాకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం సాయిబుగారు బోనెక్కేవరకే ఉంది.

"మీరు కింద పడ్డాక, నాదే పొరపాటండీ అన్నారా లేదా?" అని కొంగలు లేచే గొంతుతో అడిగారు పెద్ద ప్లీడరుగారు.

"అన్నానండీ."

"అనమని ఎవరైనా బలవంతం చేశారా?"

"లేదండీ. వారు చాలా మర్యాదస్తులండీ."

"తలుపుకి ఆనుకున్నాను అని కూడా అన్నారు కదూ?"

"అన్నానండీ. తమరికి ఇన్నిసార్లు అడిగే శ్రమ ఇచ్చానండీ."

మునసబుగారి కలం కాగితం మీద పరిగెత్తింది. ఆ గీతలు నా వీపు మీద గీసినట్టే ఉన్నాయి. వాది తన తప్పు తనే ఒప్పుకున్నాక ఇంక చెయ్యి ఎవరిదైతేనేం, తాడు ఎవరిదైతేనేం? మధ్యాహ్నం విరామానికి లేచేసరికి దావా కాటికి కాళ్ళు చాచుకుని ఉంది.

కోర్టు ఎదురుగా కాఫీ హోటల్లో కూలబడ్డాను. సర్వరు పొగలు కక్కే కాఫీ తెచ్చి, బల్ల కోడు తన్నుకుని, మొత్తం నా కోటు మీద వంపాడు. అగ్నిగుండంలో కూచున్నట్టయింది. అయినా నా నోరు ఏమందో తెలుసా?

"ఫర్వాలేదు నాయనా, నాదే పొరపాటు. దారిలో కూచున్నాను."

అని, అక్కడే ఆగిపోయాను. ఆ సర్వరు తుడుస్తున్న గుడ్డ చేతిలోంచి లాక్కుని వాణ్ణి కావలించుకోబోయాను. వాడు భయపడి ఇంకో కాఫీ తెచ్చాడు.

మధ్యాహ్నం షావుకారు బోనెక్కారు. తమ ప్లీడరుగారు అడిగినవాటికి తేనెలాంటి జవాబులు చెప్పారు. తరవాత నేను లేచాను. గుమాస్తా బల్ల మీద సాక్ష్యంగా పెట్టిన తెగిన తాడు ఉంది. దాని పక్కనే ప్రభుత్వం వారి సిరాబుడ్డి, ఏనుగుని స్నానం చేయించడానికి సరిపోయేంత.

"అయ్యా, కాస్త దిగి వచ్చి, ఈ తాడు మీదేనేమో చూడండి. ఇదిగో, ఇక్కడ నిలబడండి" అన్నాను.

ఆయన వచ్చి, నేను చూపించిన చోటే నిలబడి, తాడు మీదికి వంగారు. నేను కాగితాల కోసం ఇటు తిరిగాను. నా మోచెయ్యి సిరాబుడ్డికి తగిలింది. ఆ మల్లెపువ్వు పంచె నడుము నించి అంచు దాకా అమావాస్య అయింది.

హాలంతా బెంచీల మీంచి లేచింది. షావుకారు మాత్రం రెప్ప వేయకుండా, చెయ్యి ఎత్తి నన్ను వారిస్తూ అన్నారు.

"ఫర్వాలేదండీ ప్లీడరుగారూ. నాదే పొరపాటు. బల్లకి మరీ దగ్గరగా నిలబడ్డాను."

"యువరానర్, సాక్షి ఇప్పుడన్న మాట రాసుకోవలసిందని మనవి" అన్నాను.

పెద్ద ప్లీడరుగారు లేచి అభ్యంతరం అన్నారు. కొల్లేరు కొంగలన్నీ ఆ వేళ బంగాళాఖాతం మీదికి పోయి ఉంటాయి. మునసబుగారు చెయ్యి ఎత్తి ఆయన్ని కూచోబెట్టి, కలం గాల్లోనే ఉంచి, షావుకారుని తామే అడిగారు.

"మిమ్మల్ని అక్కడ నిలబడమన్నది ఎవరు?"

"ప్లీడరుగారేనండీ."

"సిరా ఒలకబోసింది ఎవరు?"

"ప్లీడరుగారి మోచెయ్యండీ."

"మరి పొరపాటు మీది ఎట్లా అయింది?"

"నాది కాదండీ."

"మీదేనన్నారు."

"అది మాటవరసకి అన్నానండీ. పెద్దమనుషుల దగ్గర అలాగే అంటామండీ."

మునసబుగారు కలం కింద పెట్టారు. ఆయన కళ్ళు కిటికీ అవతల ఎక్కడో ఏదో వెతికాయి.

"అయితే, భోంచేసి వెళ్ళండి అని అంటారే, అది కూడానా?"

"మాటవరసకేనండీ" అంది హాలు హాలంతా, ఒక్క గొంతుతో. బంట్రోతు కూడా అన్నాడు.

మునసబుగారి చెవులు ఎర్రబడ్డాయి. కలం మళ్ళీ అందుకుని, "పంచె పాడైన ఈయన మాట మాటవరసకైతే, చెయ్యి విరిగి రోడ్డు మీద పడి ఉన్న మనిషి అన్న మాట ఏమిటి?" అన్నారు పెద్ద ప్లీడరుగారి వైపు చూసి.

ఆయన కాగితాలు తిరగేస్తున్నారు. ఈలోగా వెనక బల్ల మీంచి సాయిబుగారు లేచాడు.

"షావుకారుగారి పంచె పాడవడం నా దావా వల్లేనండీ, అదీ నాదే..."

"మీరు కూచోండి" అంది గుమ్మం దగ్గర్నించి ముసుగు. సాయిబుగారు కూచున్నాడు.

నేను ఇంకా షావుకారుని వదల్లేదు. "అయ్యా, గడియ విరిగి ఎన్నాళ్ళయింది?"

ఆయన నిజంగానే పెద్దమనిషి. అబద్ధం ఆడలేదు. "కిందటి కోతలకి ముందేనండీ. వేయిద్దామనే అనుకుంటున్నానండీ."

"ప్రయాణికులు చెప్పలేదా?"

"చెప్పారండీ. చూస్తానన్నాను."

"ఆ చూస్తానన్నది కూడా మాటవరసకేనాండీ?"

షావుకారు సిరా కారుతున్న పంచె కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని తాడు వంక చూశారు. "అవునండీ" అన్నారు మెల్లిగా. నా ప్లీడరీ అంతట్లో అంత చిన్న మాట అంత గట్టిగా వినబడ్డం మళ్ళీ జరగలేదు.

తీర్పు రోజు మునసబుగారు ఇంగ్లీషులో చదివి, తరవాత తెలుగులో చెప్పారు. డబ్బు పుచ్చుకుని మనుషుల్ని ఎక్కించుకున్నవాడు వాళ్ళు దిగేదాకా పూచీదారు. మర్యాదగా అన్న మాట నేరం ఒప్పుకోవడం కాదు. ప్రయాణికుడు ఆనుకున్నా నిలవడానికే తలుపు ఉన్నది. చెయ్యి బాగుచేయించుకున్న ఖర్చూ, ఆ చెయ్యి ఇక సంపాదించలేనిదీ, అంతా ప్రతివాది ఇచ్చుకోవాలి. హాల్లో చప్పట్లు కొట్టకూడదు కనక జనం బయటికెళ్ళి కొట్టి మళ్ళీ లోపలికొచ్చారు. పెద్ద ప్లీడరుగారు నా భుజం తట్టి, "మా ఇంట్లో భోంచేద్దువుగాని రావయ్యా" అన్నారు. నేను ఆలోచించి, రాలేనన్నాను. షావుకారుకి కొత్త పంచె కొనిచ్చాను. ఆయన ఎందుకండీ అంటూనే పుచ్చుకున్నారు.

ఆ వారంలోనే మా జిల్లాలో తిరిగే బస్సులకి గడియలు వచ్చాయి. వచ్చాయంటే ఏదో చిన్న ఇనపముక్క అనుకునేరు. కోటగుమ్మానికి వేసేటంతవి. షావుకారు బస్సుకైతే పైనొకటి, కిందొకటి, మధ్యన అడ్డకమ్మీ. ద్వారకా తిరుమల వెళ్ళే భక్తులు భీమడోలులో దిగాల్సింది, గడియ ఊడి రాక తాడేపల్లిగూడెం దాకా వెళ్ళి, మర్నాడు వెనక్కొచ్చి దర్శనం చేసుకున్నారు. ఒక్కరు విసుక్కుంటే ఒట్టు. కింద పడ్డవాళ్ళు మాత్రం మళ్ళీ లేరు. చేపలావిడ రోజూ ఎక్కగానే గడియ లాగి చూసి, పక్కవాళ్ళ చేత కూడా లాగించేదిట.

ఆ సొమ్ముతో సాయిబుగారు సొంతానికి మగ్గం వేయించాడు. ముళ్ళు ఆయన వేళ్ళు వేయలేవు. నమూనా మాత్రం తలలో ఉంది. ఊళ్ళోనే ఉన్న ఆయన తమ్ముళ్ళిద్దరూ మగ్గం ముందు కూచుని ముళ్ళు వేస్తుంటే, ఈయన వెనక నిలబడి, ఇక్కడ ఎరుపు, ఇక్కడ నీలం, అని వరసగా పలికేవాడు. మాట పెగలని మనిషి గొంతు పక్క వీధి వసారాల దాకా వినబడేది. వాళ్ళు తప్పు ముడి వేస్తే, "విప్పు" అని ఒక్కటే మాట. ఇంకోళ్ళ మగ్గం దగ్గర చోటు పోయిన మనిషి, తన మగ్గం దగ్గర మేస్త్రీ అయ్యాడు.

మొదటి తివాచీ మగ్గం మీంచి దిగిన రోజు నన్ను పిలిచాడు. ఎండలో వేసి దులపడానికి నలుగురు మనుషులు వీధిలోకి మోసుకొచ్చి పరిచారు. ఆయన భార్య గుమ్మంలో నిలబడి, ఏ మూల కొంచెం ముడత ఉందో చెప్తూ, లాగిస్తూ ఉంది. ఆయన ఆ ముడవని చెయ్యి వెనక్కి పెట్టుకుని, తివాచీ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, నా పక్కకొచ్చి నిలబడ్డాడు. శ్రమ ఇచ్చానని గాని, నాదే పొరపాటని గాని అనలేదు. ఆ తివాచీ పొడుగు మా వీధి పొడుగంత. పెంచి చెప్తున్నానంటారా, పోనీ వీధిలో సగం. ఆ సగంలో మాత్రం జానెడు కూడా తగ్గించను.