కొర్రమీను దగ్గర పీకిన కర్ర

పద్నాలుగేళ్లుగా ఈ మాట నా గొంతులోనే ఉంది. మీకే మొదట చెబుతున్నాను. నా చదువు నాలుగో తరగతితో ఆగింది, తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది దివిసీమ. మా ఊరి చెరువు చేపల సంఘానిది. తొలకరికి కొర్రమీను పిల్లలు పెడుతుంది. వేలకు వేలు ఎర్రటి పిల్లలు ఒకే ముద్దగా తేలతాయి. ఊపిరికి పైకొస్తే నీళ్లు ఉడుకుతున్నట్టే ఉంటుంది. కింద జంట చేపలు కాపలా. ముందు చూసినవాళ్లు అక్కడ ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతాలి. పిల్లలు విడిపోయేదాకా అక్కడ వల గానీ గాలం గానీ వెయ్యకూడదు. ఎవరైనా తప్పితే అందరికంటే ముందు నిలదీసేదాన్ని నేనే.

ఆ ఏడు మా కోడలు బాలింత. కొర్రమీను పులుసు పెట్టమన్నారు. బజారులో కొనలేక కాదు. చెరువులో ఉన్నదానికి డబ్బులు తగలెయ్యడమేమిటని. మిట్టమధ్యాహ్నం ఎవరూ లేకుండా చూసి, కర్ర పీకి తుంగలో పారేసి, గాలం వేశాను. జంటలో ఒకటి పడింది.

మర్నాడు ఆ కర్ర పక్కింటి మరియమ్మ కట్టెల మోపులో కనపడింది. భర్త పోయాక చెరువు మీదే బతుకుతున్న మనిషి. తుంగలో దొరికితే పొయ్యిలోకని ఏరుకుంది. సంఘంవాళ్లు ఆ ఏడంతా చెరువులో దిగొద్దన్నారు. మరియమ్మ నా వంక తిరిగింది.

"వదినా, నువ్వన్నా చెప్పవే. నేనలాంటిదాన్నా?"

"కర్ర నీ మోపులోనే ఉందిగా మరియా. నన్నేం చెప్పమంటావు?"

మోపు తిరిగి కట్టుకుంది. "పోన్లే. కోడలికి పాలు పడుతున్నాయా?" అంది.

మా రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. పులుసు వాసన తెలియకుండా ఉంటుందా? తెలిసే ఊరుకుందా? ఎందుకు?

ఆ సాయంత్రం చెరువుకెళ్లాను. పిల్లలు చెల్లాచెదురై ఉంటాయనుకున్నాను. లేదు. ఎర్రముద్ద అలాగే ఉంది, మిగిలిన ఒక్క చేప దాని చుట్టూ తిరుగుతోంది. మోకాలిలోతు దిగానో లేదో, మూరెడు చేప, ఇంత మనిషినైన నా కాళ్ల మీదకి దూసుకొచ్చింది. గట్టెక్కి అలా నిలబడిపోయాను. దణ్ణం పెట్టాలనిపించింది. ఏ చేతులతో పెట్టను, దాని జంటను లాగింది ఆ చేతులే కదా?

మరియమ్మ ఆ ఏడు మొవ్వ ఊరి దాకా నాట్లకు పోయి బతికింది. నన్ను ఒక్క మాట అనలేదు.

నిన్న మళ్లీ ఎర్రముద్ద తేలింది. ముందు చూసింది మరియమ్మే. కర్ర తెచ్చి నా చేతికిచ్చింది, నువ్వే పాతు వదినా అని. పాతాను. గుడ్డ గాలికి ఊగుతుంటే ఇద్దరం గట్టు మీద కూర్చుని నీళ్లు ఉడకడం చూశాం.

క్షమించమని అడిగే మొహం నాకు లేదు. ఆనాడు ఆ కర్ర పీకింది నేను. మరియమ్మ కాదు. ఇంతే, ఇది రాయడానికే పద్నాలుగేళ్లు పట్టింది.