ఆమె ఒళ్ళు, నా ఒళ్ళు

నాకు రొమ్ము క్యాన్సర్ అని తెలిసిన సాయంత్రం ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. నేను అక్క అని పిలిచే మా పెద్ద తోడికోడలు మాత్రం నన్ను వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, నా చెయ్యి తీసుకుని తన రవిక మీద పెట్టుకుంది. వేళ్ళకు చింతగింజంత గడ్డ తగిలింది. ఎప్పటినుంచో ఉందట. నొప్పి లేదు కదా, పత్తి తీతలు అయ్యాక చూద్దాంలే అని ఊరుకుందట.

అలా ఇద్దరం ఒకే ఏడాది గుంటూరులో ఆపరేషన్లు చేయించుకున్నాం. తర్వాత రేడియేషన్. మా వైపు దాన్ని కరెంటు పెట్టడం అంటారు. వినుకొండ దగ్గరున్న మా ఊరి నుంచి రోజూ తిరగలేక ఆసుపత్రి వెనక సందులో గది అద్దెకు తీసుకున్నాం. ఇద్దరికీ ఒకే మిషను, ఒకే డాక్టరమ్మ.

ఇంట్లో అందరి దిగులూ నా గురించే. నేను బళ్ళో టీచర్ని, నీడపట్టున పెరిగిన ఒళ్ళు. అక్క మిరపచేలో ఎండకూ ఘాటుకూ రాటుదేలిన మనిషి. తీరా చూస్తే కమిలింది ఆమె ఒళ్ళే. మొదట చంక దగ్గర నల్లబడింది. తర్వాత తోలు ఊడి రసి కారింది. రవిక వేసుకోలేక మెత్తటి పాత చీర కప్పుకుని కూర్చునేది. నా చర్మం కాస్త ఎర్రబడి, అంతటితో ఆగింది.

ఆమె నాతో మాటలు తగ్గించింది. ఒక మధ్యాహ్నం నేను క్యారేజీ విప్పుతుంటే గోడ వైపు చూస్తూ అంది.

"నువ్వు టీచరమ్మవి, నీకు చూసి పెడుతున్నారు. నాకు కరెంటు ఎక్కువ పెట్టేశారు. రేపట్నుంచి నేను రాను."

నాకు కోపం రాలేదు. నా భయం వేరే ఉంది. వైద్యం పనిచేస్తే మంట పుట్టాలి కదా, నాకేమీ కావడం లేదంటే లోపల జబ్బు అలాగే ఉందేమోనని. అప్పటిదాకా దాచుకున్న ఆ మాట ఆమెతో చెప్పేశాను. అక్క నా వైపు తిరిగింది. డాక్టరమ్మను ఇద్దరం కలిసే అడుగుదామంది.

ఇద్దరికీ పెట్టింది ఒకే మోతాదు అన్నారు డాక్టరమ్మ. కిరణాలు జబ్బు కణాలతో పాటు పక్కనున్న మంచి కణాలనూ దెబ్బతీస్తాయట. ఆ దెబ్బను మాన్పుకునే తీరు ఒక్కో ఒంట్లో ఒక్కోలా ఉంటుందట. ఎవరు ఎంత తట్టుకుంటారో ముందుగా కచ్చితంగా చెప్పే పరీక్ష తమ దగ్గర లేదన్నారు. చర్మం కమలలేదని వైద్యం పనిచేయడం లేదనుకోవద్దని నాకు విడిగా చెప్పారు.

అక్క తల దించుకుని అడిగింది. "అయితే ఇందులో నా తప్పేం లేదాండీ?"

"ఏమీ లేదమ్మా. పుండు కాస్త ఆరనిద్దాం. మధ్యలో మాత్రం మానేయొద్దు."

పథ్యం చెయ్యకపోబట్టే ఇలా అయిందని ఊళ్ళో ఎవరో ఆమెకు ఫోన్ చేసి అన్నారట. ఆ మాట లోపల పెట్టుకుని కుమిలిపోయిందని నాకప్పుడే తెలిసింది.

కొన్నాళ్ళు ఆపి, పూతమందు ఇచ్చి, మళ్ళీ మొదలుపెట్టారు. నాది ముందే అయిపోయింది. మా ఆయన ఇంటికి వచ్చేయమన్నాడు. నేను వెళ్ళలేదు. పుండుకు గుడ్డ అంటుకోకుండా మందు రాస్తూ, ఆమెకు పూర్తయ్యేదాకా ఆ గదిలోనే ఉన్నాను.

ఇప్పుడు అక్క చర్మం మానింది. కాస్త రంగు తేడా, అంతే. మళ్ళీ చేలోకి వెళ్తోంది. ఏమీ కాలేదనుకున్న నాకే, రెండేళ్ళ తర్వాత చంక దగ్గర లోపలి కండ గట్టిపడుతూ వచ్చింది. కొందరికి ఇలా ఆలస్యంగా బయటపడుతుందని, అప్పట్లో చర్మం బాగున్నంత మాత్రాన ఇది రాదని చెప్పలేమని డాక్టరమ్మ అన్నారు. చెయ్యి పూర్తిగా లేవదు. బోర్డు మీద పై వరసలో రాయడం మానేశాను.

సెలవు రోజుల్లో అక్క వచ్చి నాకు జడ వేస్తుంది. తర్వాత, డాక్టరమ్మ చెప్పిన వ్యాయామం దగ్గరుండి చేయిస్తుంది. మోచెయ్యి కింద తన అరచెయ్యి ఆనించి, "ఇంకాస్త లేపమ్మాయ్" అంటుంది. ఒక్కోసారి నొప్పికి నాకు కళ్ళనీళ్ళొస్తాయి. ఆమె మాత్రం చెయ్యి తియ్యదు.